డ్రైవింగ్ మోడ్ నాలుగు నెలలు వాడాక

ఈ రివ్యూ నిజానికి రెండు వస్తువులది. ఒకటి డబ్బిచ్చి కొన్నాను: కారు అద్దానికి అంటించే ఫోన్ హోల్డర్. రెండోదానికి డబ్బు అక్కర్లేదు, ఎప్పట్నుంచో నా ఫోన్లోనే పడి ఉంది: డ్రైవింగ్ మోడ్, అంటే బండి నడుపుతున్నంతసేపూ ఫోన్ మోగకుండా ఆపే సెట్టింగ్. హోల్డర్ల మీద వెతికితే కావలసినన్ని రివ్యూలు దొరుకుతాయి. డ్రైవింగ్ మోడ్ గురించి మాత్రం "సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఆన్ చేయండి" అన్నదగ్గరే అందరూ ఆగిపోతున్నారు. ఆన్ చేశాక మనిషి పరిస్థితి ఏమిటో రాసినవాళ్లు నాకు కనపడలేదు. అందుకే ఈ రాత.

ముందు నా సంగతి చెప్పాలి. నేను ఆసుపత్రుల్లో అల్ట్రాసౌండ్ మెషీన్లు రిపేర్ చేసే సర్వీస్ ఇంజనీర్ని. పద్నాలుగేళ్లుగా ఇదే పని. రోజులో మూడు నాలుగు గంటలు కారులోనే గడుస్తాయి. మెషీన్ మొరాయిస్తే ఆసుపత్రివాళ్లు మొట్టమొదట చేసేది నాకు ఫోను. నేను ఎత్తకపోతే మా మేనేజర్‌కి చేస్తారు, ఆయన నాకు చేస్తాడు. అందుకని "బండి నడుపుతూ ఫోన్ ఎత్తకండి" అని ఎవరైనా అంటే, ఈయనకి ఉద్యోగం లేదు కాబోలు అనుకునేవాణ్ణి.

ఈ మోడ్ మొదలుపెట్టకముందు ఒక నోటీసు వచ్చింది, ఫొటోతో సహా. సిగ్నల్ దగ్గర ఎర్రలైటు. నా కారు గీతకి ఇవతల బుద్ధిగా ఆగి ఉంది. సీటుబెల్టు కూడా పెట్టుకునే ఉన్నాను. ఎడమచేతిలో ఫోను, తల కిందికి, మొహం మీద ఫోను వెలుగు. "దణ్ణం పెట్టుకుంటున్నట్టున్నారు" అంది మా ఆవిడ ఫొటో చూసి. నాకు నవ్వు రాలేదు. ఆగి ఉన్న బండిలో డ్రైవింగ్ ఎక్కడిది? ఇదీ నా వాదన.

ఆ వాదన గెలిపించుకోవడానికి రెండు రాత్రులు కూర్చుని దేశదేశాల చట్టాలు చదివాను. అన్నిచోట్లా ఓడిపోయాను. బ్రిటన్‌లో 2003 డిసెంబరు 1 నుంచి, బండి నడుపుతూ ఫోను చేత్తో పట్టుకుని వాడటం నేరం. సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నా, ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఉన్నా మినహాయింపు లేదు. ఫ్రాన్స్ ఇంకా గట్టిది. హజార్డ్ లైట్లు వేసుకుని రోడ్డు మీదే ఓ పక్కకి ఆపి ఫోన్ పట్టుకున్నా అది డ్రైవింగ్ కిందికే వస్తుందని 2018లో అక్కడి అత్యున్నత కోర్టు తేల్చేసింది. ఒక్కచోట మాత్రం కాస్త ఆశ పుట్టింది. బ్రిటన్‌లో ఒకతను కారు నడుపుతూ ప్రమాదం జరిగిన చోటుని ఫోన్లో వీడియో తీశాడు. పాత చట్టం మాట్లాడటం, మెసేజ్ పంపడం లాంటివాటినే పట్టుకుంటుంది కాబట్టి వీడియో తీయడం దాని కిందికి రాదని 2019లో కోర్టు అతన్ని వదిలేసింది. నేనూ పాత మెసేజ్ చదువుతున్నానంతే, పంపలేదు కదా అని లోపల సంతోషపడ్డాను. కింది పేరా చదివేసరికి ఆ సంతోషం పోయింది. 2022 మార్చి 25 నుంచి ఆ సందు మూసేశారట. ఫొటో తీసినా, పాటలు మార్చినా, ఊరికే తెరమీద వేలు జరిపినా 200 పౌండ్లు, లైసెన్సు మీద 6 పెనాల్టీ పాయింట్లు. లైసెన్సు వచ్చి రెండేళ్లు నిండనివాళ్లకి ఆ ఆరు పాయింట్లతో లైసెన్సే పోతుంది.

సరే, జరిమానా కట్టేశాను. కట్టిన రోజే హోల్డర్ కొన్నాను. చట్టం అంటున్నది చేత్తో పట్టుకోవద్దని. పట్టుకోను. గొడవ వదిలిపోతుంది అనుకున్నాను.

హోల్డర్ ఏ కంపెనీదో చెప్పను, దాని తప్పేమీ లేదు కూడా. గాజుకి అతుక్కునే రబ్బరు కప్పు, దాన్నుంచి వంగే చెయ్యి, చివర స్ప్రింగు పట్టు. మొదటి వారం బాగానే నిలబడింది. తర్వాత ఎండలో రెండు గంటలు కారు నిలిపినప్పుడల్లా కప్పు మెత్తబడి, నేను బండి కదిపిన పది నిమిషాలకి ఊడిపడటం మొదలైంది. ఊడటం పెద్ద సంగతి కాదు. పడ్డది ఎక్కడ పడుతుందన్నదే సంగతి. ఒకసారి బ్రేకు పెడల్ పక్కన పడింది. అప్పుడు కాలితో దాన్ని పక్కకి నెట్టిన ఆ రెండు క్షణాలు ఇప్పటికీ గుర్తొస్తాయి. కొనేవాళ్లకి ఒక్కమాట: గాజు, రబ్బరు రెండూ తడిగుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరాక అంటించండి. అద్దం మధ్యలో ఎత్తుగా పెట్టకండి. నేను మొదట అలాగే పెట్టాను. ఎడమనుంచి రోడ్డు దాటుతున్న మనిషి ఫోన్ వెనక దాగిపోయి, కారు ముందుకి వచ్చాకే కనిపించాడు. ఏసీ జాలీకి తగిలించే రకం కూడా వాడి చూశాను. అది ఊడలేదు కానీ గతుకుల్లో తెర అదిరిపోయి అక్షరాలు చదవడానికి ఇంకాస్త ఎక్కువసేపు చూడాల్సివచ్చింది.

అసలు ఇబ్బంది అదీ కాదు. ఫోన్ జేబులో ఉన్నప్పుడు మోగితేనే చూసేవాణ్ణి. కళ్లముందు నిలబెట్టాక మోగకపోయినా చూడటం మొదలుపెట్టాను. ఎవరో గ్రూపులో పెట్టిన ఫొటో, క్రికెట్ స్కోరు, బ్యాటరీ శాతం... తెర వెలిగినప్పుడల్లా కన్ను అటే పోయేది. గంటకి ఎనభై కిలోమీటర్ల వేగంలో రెండు సెకన్లు తెర చూస్తే బండి దాదాపు 44 మీటర్లు పోతుంది. ఆ 44 మీటర్లూ నడిపింది నేను కాదు, నా అదృష్టం.

కాలిఫోర్నియాలో 2017 నుంచి ఒక నిబంధన ఉంది. ఫోను బిగించే ఉండాలి, వేలితో ఒక్కసారి నొక్కడమో ఒక్కసారి జరపడమో చేయొచ్చు, అంతకు మించి కుదరదు. ఇది చదివాక నాకో పరీక్ష తోచింది. కారు ఇంటి ముందు నిలిపి, మ్యాప్‌లో కొత్త ఆసుపత్రి అడ్రసు పెట్టడానికి వేలు ఎన్నిసార్లు తగులుతుందో లెక్కపెట్టాను. తాళం తీయడం దగ్గర్నుంచి "స్టార్ట్" దాకా, పేరు టైపు చేయడంతో కలిపి, పందొమ్మిది. ఒక్కసారి చాలంటోంది ఆ చట్టం. మ్యాప్ చూడటానికైనా సరే ఫోను చేతిలోకి తీసుకోకూడదని 2025 జూన్‌లో అక్కడి అప్పీలు కోర్టు కూడా చెప్పింది. ఇండియాలో 2020 అక్టోబరు నుంచి ఉన్న నిబంధన వేరే తీరు. చేతిలోని ఫోన్ దారి చూసుకోవడానికి మాత్రమే వాడొచ్చు, అదీ డ్రైవర్ ఏకాగ్రత చెదరకుండా. నాకు ఈ "ఏకాగ్రత చెదరకుండా" అన్న మాటే అన్నిటికన్నా నిజాయితీగా అనిపించింది. కానీ ఏకాగ్రతని ఏ కెమెరా ఫొటో తీస్తుంది? చేతిని తీస్తుంది. అందుకే చట్టాలన్నీ చేతి చుట్టూ తిరుగుతాయి.

హోల్డర్‌కి అయిదులో రెండున్నర. మ్యాప్ పెట్టుకుని కదిలాక ముట్టుకోనివాళ్లకి మూడున్నర.

తర్వాత చెవిలో పెట్టుకునే బ్లూటూత్ కొన్నాను. దాని మీద ఎక్కువ రాయను, ఎందుకంటే మూడు వారాల్లో తీసేశాను. ఫ్రాన్స్‌లో 2015 జులై 1 నుంచి నడిపేటప్పుడు చెవిలో ఇయర్‌ఫోన్ లాంటివేవీ పెట్టుకోకూడదని చదివి మొదట నవ్వుకున్నాను, మరీ చాదస్తం అని. ఆస్ట్రేలియాలోని న్యూసౌత్‌వేల్స్‌లో కొత్త డ్రైవర్లకి చేతులు వాడకుండా మాట్లాడటం కూడా నిషేధం. 2019 డిసెంబరులో పైనుంచి కారు అద్దంలోంచి లోపలికి చూసి, ఫోన్ పట్టుకున్నవాళ్లని ఫొటో తీసే కెమెరాలు మొదలుపెట్టింది కూడా ఆ రాష్ట్రమే. మొదటి మూడు నెలలు హెచ్చరిక ఉత్తరాలు పంపి తర్వాత జరిమానాల్లోకి దిగారు.

నేను ఆ బ్లూటూత్ తీసేసింది చట్టాలకి భయపడి కాదు. ఒకరోజు ఒక ఆసుపత్రి టెక్నీషియన్ ఫోన్ చేసింది. "సార్, తెర మీద నల్లచార వస్తోంది" అంది. చార నిలువుగా ఉందా, ప్రోబ్ (ఒంటికి ఆనించి స్కాన్ చేసే పరికరం) మారిస్తే పోతోందా, వేరే పోర్టులో పెట్టి చూశారా అని అడుగుతూ పోయాను. చేతులు రెండూ స్టీరింగ్ మీదే ఉన్నాయి, చూపు రోడ్డు మీదే. ఏ చట్టమూ నన్ను వేలెత్తి చూపలేదు. ఫోన్ పెట్టేసి చూసుకుంటే నేను తిరగాల్సిన మలుపు దాటి చాలా దూరం వచ్చేశాను. మధ్యలో రెండు సిగ్నళ్లు ఉండాలి. అవి పచ్చగా ఉన్నాయో ఎర్రగా ఉన్నాయో ఇప్పటికీ తెలీదు. ఆ కాసేపూ నా కళ్లముందున్నది రోడ్డు కాదు, ఎక్కడో ఒక గదిలో ఉన్న మెషీన్ తెర.

ఇది నా ఒక్కడి బలహీనత అనుకున్నాను. కాదట. 1997లోనే టొరంటోలో ఇద్దరు పరిశోధకులు, రెడెల్‌మయర్, టిబ్షిరానీ, ప్రమాదానికి గురైన 699 మంది డ్రైవర్ల ఫోన్ బిల్లులు పరిశీలించారు. ఫోన్ మాట్లాడుతున్నప్పుడు గుద్దుకునే అవకాశం దాదాపు నాలుగు రెట్లు అని తేలింది. చేతులు వాడని ఫోన్ల వల్ల ఒరిగిందేమీ కనపడలేదు. 2005లో ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో, ప్రమాదాల్లో గాయపడి ఆసుపత్రికి వచ్చిన 456 మంది మీద చేసిన అధ్యయనంలోనూ అదే నాలుగు రెట్లు, చేత్తో పట్టుకున్నా పట్టుకోకపోయినా. 2015లో యూటా యూనివర్సిటీవాళ్లు ఇంకో సంగతి కనిపెట్టారు. కారుకో ఫోనుకో నోటితో ఆదేశం ఇచ్చే పని ముగిశాక కూడా ధ్యాస పూర్తిగా రోడ్డు మీదికి తిరిగి రావడానికి, కొన్ని సిస్టమ్స్‌తో అయితే, 27 సెకన్ల దాకా పడుతుందట. గంటకి నలభై వేగంలో అది 300 మీటర్లు. నా సిగ్నళ్లు ఎటు పోయాయో అప్పుడు అర్థమైంది.

పక్కన కూర్చున్న మనిషితో మాట్లాడితే మరి? అని మా బావమరిది వాదించాడు. నేను గమనించింది చెప్తాను. మా ఆవిడ పక్కన ఉన్నప్పుడు ఎదురుగా లారీ అడ్డమొస్తే ఆమె మాట మధ్యలోనే ఆగిపోతుంది. టెక్నీషియన్‌కి నా లారీ కనపడదు కదా, ఆమె నల్లచార గురించి చెబుతూనే ఉంటుంది.

ఇలా తిరిగి తిరిగి డ్రైవింగ్ మోడ్ దగ్గరికి వచ్చాను. ఇది కొత్తదేమీ కాదు. ఆపిల్ 2017లో ఐఓఎస్ 11తో తెచ్చింది, ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ ఏదో ఒక పేరుతో ఉంటుంది. బండి కదులుతోందని గ్రహించి ఫోన్ మోగడం, తెర వెలగడం ఆపేస్తుంది. మెసేజ్ పంపినవాళ్లకి తనే జవాబిస్తుంది. మ్యాప్ మాత్రం నడుస్తుంది. నా ఫోను ఏ కంపెనీదో చెప్పడం లేదు, ఇప్పుడు తిట్టబోతున్నాను కాబట్టి.

ఇది ఎలా మొదలవ్వాలో మనమే ఎంచుకోవచ్చు. కదలికని బట్టి తనంతట తనే, లేదా కారు బ్లూటూత్‌కి కలవగానే, లేదా మనం నొక్కితే. మొదట "తనంతట తనే" పెట్టాను. అది బండి కదిలిన రెండు మూడు నిమిషాలకి గానీ మేలుకోదు. నాకు పొద్దున ఎక్కువ కాల్స్ వచ్చేది సరిగ్గా ఆ రెండు మూడు నిమిషాల్లోనే, ఆసుపత్రుల్లో మెషీన్లు ఆన్ చేసే టైమది. పైగా ఒకసారి రైల్లో వెళ్తుంటే నేనే డ్రైవరుననుకుని మూడు గంటలు నోరు మూసుకుని కూర్చుంది. దిగాక చూస్తే పదకొండు మిస్డ్ కాల్స్. "నేను డ్రైవ్ చేయడం లేదు" అనే బటన్ ఉంది, ఒక్క నొక్కుతో బయటికి రావొచ్చు. అయితే ఆ బటన్ డ్రైవ్ చేస్తున్నవాడికీ పనిచేస్తుంది. మొదటి వారంలో నేనే నాలుగుసార్లు నొక్కాను, స్టీరింగ్ పట్టుకుని.

బ్లూటూత్‌కి కలవగానే మొదలయ్యేలా మార్చాక ఆ గొడవ పోయింది. కానీ ఇంకో వింత బయటపడింది. కారు బ్లూటూత్‌కి కలిసి ఉంటే కాల్స్ మామూలుగానే కారు స్పీకర్లలో మోగుతాయట, ఎలాగూ చేత్తో పట్టుకోరు కదా అని. అంటే ఈ మోడ్ తయారుచేసినవాళ్లు కూడా చేతి దగ్గరే ఆగిపోయారు! చివరికి కారు బ్లూటూత్‌లో కాల్స్ ఆఫ్ చేసి, పాటలు, మ్యాప్ గొంతు మాత్రం ఉంచాను. ఈ రెండో సెట్టింగ్ మార్చనివాళ్లకి డ్రైవింగ్ మోడ్ ఉన్నా లేనట్టే అని నా అభిప్రాయం.

ఇక అత్యవసరం అన్న దారి ఉంది. అవతలివాళ్లు మెసేజ్‌లో అత్యవసరం అని ఒక మాట తిరిగి పంపితే ఫోన్ వాళ్లని లోపలికి వదులుతుంది. మా మేనేజర్ దీన్ని రెండో రోజే పసిగట్టాడు. అప్పట్నుంచి ఆయన పంపేవన్నీ అత్యవసరమే. నెలాఖరు రిపోర్టు అత్యవసరం, మీటింగ్ వాయిదా అత్యవసరం, ఒకసారి పుట్టినరోజు శుభాకాంక్షలు కూడా అత్యవసరంగానే వచ్చాయి. ఆయన ఒక్కడికీ ఆ దారి మూసే వీలు నా ఫోన్లో దొరకలేదు. ఆఫీసులో ముఖాముఖి కూర్చుని చెప్పాల్సివచ్చింది. "మరి ఆసుపత్రివాళ్లు ఆగుతారా?" అని ఆయన అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. నా దగ్గర జవాబు లేదు, అందుకని ఒక వారం లెక్క రాశాను. బండిలో ఉండగా 31 కాల్స్ వచ్చాయి. ఇరవై నిమిషాలు ఆలస్యమైతే ఎవరికైనా ఇబ్బంది అయ్యేవి రెండు. అందులో ఒకటి గర్భిణిని బల్ల మీద పడుకోబెట్టాక మెషీన్ ఆగిపోయిన కేసు. నేను పెట్రోలు బంకు పక్కన ఆపి తిరిగి చేసేసరికి ఆమెని పక్కగదిలోని మెషీన్ దగ్గరికి తీసుకెళ్లి స్కాన్ కూడా చేసేశారు. నేను ఎత్తకపోతే ప్రపంచం ఆగిపోతుందని పద్నాలుగేళ్లు అనుకున్నవాడికి ఆ కాల్ కొంచెం చేదుగానే ఉంది.

మా అమ్మది ఇంకో కథ. ఒకే నంబరు నుంచి కాస్త వ్యవధిలో రెండోసారి కాల్ వస్తే అది ముఖ్యమైనదని ఫోన్ అనుకుంటుంది, మోగిస్తుంది. మా అమ్మ జీవితంలో ఎవరికీ ఒక్కసారి ఫోన్ చేసి ఊరుకోలేదు. ఎత్తకపోతే వెంటనే రెండోది, ఆ వెంటనే మూడోది. ఈ ఏర్పాటు కనిపెట్టినవాళ్లకి ఇలాంటి అమ్మ లేదని తెలిసిపోతోంది. ఆ రెండో కాల్ నియమం తీసేశాను. తీసేముందు రెండు రోజులు ఆలోచించాను, నిజంగా ఏదైనా అయితే అని. ఇప్పుడు ఆమెకి బాగోకపోతే పక్కింటివాళ్లు చేస్తారు. వాళ్ల నంబరు ఒక్కటే అనుమతించిన జాబితాలో పెట్టాను.

అన్నిటికన్నా పనికొచ్చింది నేను అస్సలు పట్టించుకోని అంశం, ఆటో రిప్లై. ముందు దాంట్లో "డ్రైవ్ చేస్తున్నాను, తర్వాత మాట్లాడతాను" అని ముక్తసరిగా ఉండేది. "తర్వాత అంటే ఎప్పుడు?" అని ఆసుపత్రులనుంచి తిరుగు మెసేజ్‌లు వచ్చేవి. మార్చి ఇలా పెట్టాను: "బండి నడుపుతున్నాను. అరగంటలోపు ఆపి ఫోన్ చేస్తాను. ఈలోగా మెషీన్ ఆఫ్ చేసి, ప్రోబ్ తీసి మళ్లీ గట్టిగా బిగించి, లాక్ తిప్పి, ఆన్ చేసి చూడండి." ఫోన్ చేసి ఎత్తకపోతే మెసేజ్ పెట్టండి అని అన్ని ఆసుపత్రులకీ చెప్పి ఉంచాను. నేను ఆపి తిరిగి చేసేసరికి చాలామంది "వచ్చేసింది సార్, అక్కర్లేదు" అంటున్నారు. లాక్ సరిగా తిప్పకపోవడమే సగం రోగాలకి మూలం అని పద్నాలుగేళ్లుగా తెలుసు, అయినా ప్రతిసారీ స్టీరింగ్ పట్టుకుని నోటితోనే చెప్పేవాణ్ణి.

డ్రైవింగ్ మోడ్‌కి అయిదులో నాలుగు. మేనేజర్ లాంటివాళ్లని విడిగా ఆపే వీలు ఉండి ఉంటే ఇంకో అర ఇచ్చేవాణ్ణి. బ్యాటరీ విషయంలో తేడా ఏమీ కనపడలేదు.

ఒక్క లోపం మాత్రం ఇంకా సరిచేయలేదు. ఆటో రిప్లైని నా ఫోన్లో మనిషికి ఒక రకంగా మార్చుకోలేం, కాంటాక్ట్స్‌లో ఉన్నవాళ్లందరికీ ఒకటే వెళ్తుంది. మొన్న ఇంటికి వస్తూ దారిలో ఉండగా అమ్మ "బయల్దేరావా?" అని మెసేజ్ పెట్టిందట. ఇంట్లోకి అడుగుపెట్టేసరికి హాల్లో నిలబడి ఉంది, చేతిలో ఫోను పట్టుకుని.

"వాషింగ్ మెషీన్ ఆఫ్ చేసి ఆన్ చేశాను గానీ, ప్రోబ్ అన్నావు, అదెక్కడుంటుందిరా?"